ఆరో నంబరు మాలు

ఫిబ్రవరి 9

ఇవాళ నా కూతురు నాకు మట్టి కలపడం నేర్పింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ముప్పై నాలుగేళ్లు తాపీ పట్టిన చెయ్యి నాది. ఈ ఊళ్లో నేను ప్లాస్టరింగ్ చేసిన గోడలన్నీ వరసగా నిలబెడితే వాటి నీడన నడుస్తూ పక్క ఊరికి వెళ్లిపోవచ్చు. అలాంటివాణ్ణి పట్టుకుని, "అలా కాదు నాన్నా, మట్టిని ముందు రాత్రే నానబెట్టాలి" అంటుందా!

కోపం రావాలి. రాలేదు. ఏడు నెలలుగా మోకాలు మొరాయించి ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ కుట్టుమిషను చప్పుడు వింటూ, పైకప్పు పెచ్చులు లెక్కపెడుతూ. ఇప్పుడు పొద్దున్నే క్యారియర్ పట్టుకుని పనికి వెళ్తున్నాను. పనిచెప్పేది నేను ఎత్తుకు పెంచిన పిల్ల. ఇంకేం కావాలి?

పని నర్సమ్మగారిది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, చిన్న ఇల్లు కట్టుకుంటోంది. చెక్క స్తంభాలు, చెక్క దూలాలు, మధ్యలో పచ్చి ఇటుకల గోడలు. కాల్చనివి, ఉత్త మట్టివి. ఇటుకల మధ్య పెట్టిందీ ఆ మట్టే. సిమెంటు పునాదిలో తప్ప ఎక్కడా ఉండకూడదట. అమ్మాయి మూడేళ్లు బయట ఇలాంటి పనులు నేర్చుకుని వచ్చి, సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది. బాగా వస్తే నాలుగు పనులు వస్తాయి. చెడితే "ఆడపిల్ల, మట్టిపిచ్చి" అని నవ్వడానికి ఊరంతా తయారుగా ఉంది.

ఈ పుస్తకం కొలతలు రాసుకోడానికి కొన్నాను. కొలతలు ఇప్పుడు అమ్మాయి రాస్తోంది కాబట్టి ఇందులో నా గోల రాసుకుంటాను. ఎవరూ చదవరు. మా ఆవిడకి కళ్లజోడు లేనిదే అక్షరం కనిపించదు, కళ్లజోడు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు.

ఫిబ్రవరి 11

మూడు చోట్ల నుంచి మట్టి తెచ్చాం. అమ్మాయి గాజుసీసాల్లో మట్టి పోసి, నీళ్లు పోసి, గిలక్కొట్టి కిటికీలో పెట్టింది. సాయంత్రానికి అడుగున ఇసుక, మధ్యలో సన్నటి ఒండ్రు, పైన బంక. ఏ మట్టిలో ఏది ఎంతుందో గీతలు గీసి చూపించింది.

నేను అదే మట్టిని అరచేతిలో వేసుకుని, ఉమ్మి తడిపి, పాములా చుట్టి చూపుడువేలికి చుట్టాను. విరగలేదు. "ఇందులో బంక ఎక్కువ" అన్నాను.

సీసా కూడా అదే చెప్పింది. అమ్మాయి నావంక చూసి, "నీకు సీసా ఎందుకులే" అంది. ఇంటికొచ్చి ఆ ముక్క మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 14

ఉత్తరం గోడకి వెనకవైపు ఎనిమిది ముక్కలు పూశాం. ఒక్కోటి తలుపు రెక్కలో సగం ఉంటుంది. ఒకదానిలో బంక ఎక్కువ, ఒకదానిలో ఇసుక ఎక్కువ, ఒకదానిలో సున్నం, ఒకదానిలో పోస్టర్లు అంటించే పిండిజిగురు. అన్నింట్లోనూ బెత్తెడు బెత్తెడు కత్తిరించిన ఎండుగడ్డి. కింద బొగ్గుతో నంబర్లు వేసింది. పది రోజులు ఆరాక ఏది పగలకుండా, రాలకుండా నిలిస్తే దాన్నే ఇల్లంతా పూస్తారు.

మాలు కలిపింది నేను. పాళ్లు చెప్పింది అమ్మాయి.

ఆరో నంబరులో కాస్త సిమెంటు పడింది.

పడింది అంటే, వేశాను. గుప్పెడే. పునాది పని కోసం తెచ్చిన బస్తా సగం మిగిలి అక్కడే ఉంది. అమ్మాయి నీళ్లకి వెళ్లింది. మాలు కలిపే గమేళాలో ఆ మట్టి ముద్దని చూస్తే నాకు ఎలాగో అనిపించింది. ఉప్పు వేయని కూర పొయ్యిమీద చూస్తే వంట తెలిసిన మనిషి చెయ్యి ఊరుకుంటుందా? ఊరుకోలేదు. ఏముంది, ఎనిమిదింట్లో అదొకటి. ఏదీ తేలకపోతే కనీసం గట్టిది ఎలా ఉంటుందో పిల్లకి తెలుస్తుంది కదా అనుకున్నాను.

మట్టి మీద సిమెంటు పూయకూడదని అమ్మాయి మొదటి రోజే చెప్పింది. సిమెంటు పెంకులా బిగుసుకుని లోపలి తేమని బయటికి పోనివ్వదట, ఆ తేమ చెక్కని తినేస్తుందట. పుస్తకాల్లో చాలా రాస్తారు.

ఫిబ్రవరి 19

మోకాలు నొప్పి లేదు. ఐదు కిలోమీటర్లు సైకిలు తొక్కాను.

ఫిబ్రవరి 24

పరీక్ష అయింది.

ఒకటి, రెండు నెర్రెలిచ్చాయి. బంక ఎక్కువైంది. మూడు, ఎనిమిది చేత్తో రుద్దితే ఇసుక రాలింది. నాలుగు, ఐదు ఫరవాలేదు. ఏడు ఫరవాలేదు కానీ మూలన పొట్టు లేస్తోంది. ఆరు మాత్రం అద్దంలా ఉంది. అమ్మాయి దాన్ని గోరుతో గీకింది. గీత పడలేదు. మగ్గుతో నీళ్లు కొట్టింది. చెక్కు చెదరలేదు.

అమ్మాయి ఎగిరింది. నిజంగానే, రెండు కాళ్లూ లేపి. "నాన్నా, ఆరు! ఉత్త బంక, ఇసుక, గడ్డి! సున్నం కూడా లేదు! నేను చెప్పానా లేదా!" అంటూ నా మట్టిచేతులు పట్టుకుని ఊపేసింది. చిన్నప్పుడు సైకిలు తొక్కడం వచ్చిన రోజున కూడా ఇలాగే ఊపింది.

నేను, "చెప్పావు తల్లీ" అన్నాను. తేలు కుట్టిన దొంగకి నోరు ఎలా లేస్తుంది?

ఫిబ్రవరి 25

చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 26

మబ్బు పట్టి ఉంది. అందుకని చెప్పలేదు.

ఫిబ్రవరి 28

రేపటి నుంచి పడమటి గోడ పూత. పొద్దున్నే వెళ్లేసరికి సిమెంటు బస్తా లేదు. పునాది పని అయిపోయిందని అమ్మాయి ఎవరికో ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ పాళ్లతో ఉత్త మట్టి పూస్తే ఎలా వస్తుందో నాకు తెలుసు, ఇసుక రాలుతుంది. మూడో నంబరుకీ దానికీ పెద్ద తేడా లేదు. గోడంతా రాలితే పరువు ఎవరిది పోతుంది? పిల్లది.

కాబట్టి పిల్ల కోసమే చేస్తున్నాను. మా ఇంటి మెట్ల కింద పాత సిమెంటు బస్తా ఒకటుంది. రేపటి నుంచి క్యారియర్ అడుగు గిన్నెలో తీసుకెళ్తాను. కూర, అన్నం పై రెండింట్లో సరిపోతాయి. డాక్టరు కూడా తక్కువ తినమన్నాడు.

మార్చి 2

పని బాగా సాగుతోంది. గోడకి ముందు నీళ్లు చల్లి, మాలు విసిరికొట్టి, బద్దతో లాగి, చెక్కతో రుద్దుతుంటే మధ్యాహ్నం వాసన వస్తుంది, తడి మట్టి వాసన. ముప్పై నాలుగేళ్లూ సిమెంటు వాసనే పీల్చాను. చేతులు కూడా పగలడం లేదు. మా ఆవిడ నా అరచెయ్యి పట్టుకుని, "ఇదెవరిది, కొత్తపెళ్లికొడుకుదా?" అంది.

అమ్మాయి నిచ్చెన మీద నుంచి ఏదో కూనిరాగం తీస్తుంది. నేను కింద అందుకుంటాను. ఇద్దరికీ రాదు.

ఒక చిక్కు ఏమిటంటే, మట్టి మాలు మిగిలితే తడిగోనె కప్పి మర్నాడు వాడుకోవచ్చు. సిమెంటు పడినది రాత్రికే రాయి అవుతుంది. సాయంత్రం అమ్మాయి చేతులు కడుక్కునే లోపల మిగిలింది గోతిలో పారేసి మట్టి కప్పుతున్నాను.

"మిగల్లేదా నాన్నా?" అంది.

"సరిగ్గా సరిపోయింది."

"రోజూ సరిగ్గా ఎలా సరిపోతుంది నీకు?"

"అనుభవం" అన్నాను. ఆ మాట అన్నాక నాకే నా మొహం చూసుకోబుద్ధి కాలేదు.

మార్చి 5

మా ఆవిడ క్యారియర్ తోముతూ పట్టుకుంది. అడుగు గిన్నె తెచ్చి నా ముందు టక్కున పెట్టింది.

"ఏమండీ, ఇదేమిటి?"

"బూడిద."

"పాతికేళ్లు మీ బట్టలు ఉతికాను. నాకు బూడిదకీ సిమెంటుకీ తేడా తెలీదా? అన్నం తినే గిన్నెలో సిమెంటేమిటండీ?"

చెప్పాను. మొత్తం. వింటూ వింటూ ఆవిడ నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది.

"అది మీ మాట నమ్మింది కదా" అంది.

"దాని కోసమే కదా చేస్తున్నాను!"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వెళ్లి చెప్పండి. మీరు చెప్పకపోయినా నేను చెప్పను. మీ నోటితోనే చెప్పాలి." గిన్నె పట్టుకుని వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఈ గిన్నె ఇక మీదే. నేను ఇందులో ఏమీ వండను."

మార్చి 6

నర్సమ్మగారు వచ్చి పడమటి గోడ తడిమి చూసింది. మనిషి సన్నగా, గొంతు మాత్రం వార్డు మొత్తానికి వినబడేలా ఉంటుంది. "మట్టి అంటే పెచ్చులు ఊడతాయనుకున్నానే! రాయిలా ఉందమ్మాయ్!" అంది. ఆవిడ స్నేహితులు ముగ్గురు ఇలాగే కట్టుకుందామనుకుంటున్నారట, పాళ్లు రాసిమ్మంది.

అమ్మాయి అక్కడే మూడు కాగితాల మీద రాసి ఇచ్చింది. బంకమట్టి ఒకటి, ఇసుక మూడు, గడ్డి ఒకటిన్నర. కింద సంతకం. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం తనే పెట్టేసేది. ఇప్పుడు తన సంతకానికి విలువ వచ్చింది, అది నా గుప్పెడు సిమెంటు మీద నిలబడి ఉంది.

గుప్పెడు కాదు. గమేళాకి మూడు గుప్పెళ్లు.

సాయంత్రం అందరూ వెళ్లాక గోడ చుట్టూ తిరిగాను. పడమటి గోడ స్తంభం పక్కన వేలితో కొడితే డొల్ల చప్పుడు వచ్చింది. ఆరుతోంది కదా, అందుకే అయ్యుంటుంది.

మార్చి 8

వడ్రంగి బావ సాయం రమ్మన్నాడు. మా ఆవిడ అన్న. నర్సమ్మగారి దూలాలు కూడా ఆయన పనే. ఒక పాత ఇంట్లో స్తంభం మార్చాలట, గోడ పట్టుకోడానికి మనిషి కావాలన్నాడు.

వెళ్లేసరికి ఇల్లు ఎక్కడో చూసినట్టుంది. పాతది, మట్టి గోడలు, చెక్క స్తంభాలు, పైన సిమెంటు ప్లాస్టరింగ్. బయటికి నున్నగా ఉంది. బావ సుత్తితో ఒక దెబ్బ కొట్టాడు. తలుపంత పెచ్చు ఒక్కసారిగా ఊడి కింద పడింది. వెనక మట్టి తడిగా, నల్లగా ఉంది. బావ స్తంభం మొదట్లో ఉలి పెట్టి ఊరికే చేత్తో నొక్కాడు. సుత్తి అక్కర్లేకుండా పిడి దాకా దిగిపోయింది.

"ఏ వెధవ పూశాడో గానీ," అన్నాడు, "చెక్కకి ఊపిరాడకుండా చేశాడు."

ఊడిన పెచ్చు మూల తిప్పి చూశాను. మాలు తడిగా ఉండగానే మేకుతో తేదీ గీయడం నా అలవాటు. ఇరవై మూడేళ్ల కిందటిది. నా చేతిరాతే.

"నేనే బావా" అన్నాను.

బావ నన్ను చూశాడు, పెచ్చు చూశాడు. "పోనీలే, అప్పట్లో అందరం అదే చేశాం" అని ఉలి బయటికి లాగాడు. దానికి అంటుకుని పుచ్చిన చెక్క ముద్దగా వచ్చింది.

ఆ ఇంటివాళ్లు నాకు టీ ఇచ్చారు. పెద్దాయన ఇంకా నన్ను గుర్తుపట్టి, "మీ పని చాలా గట్టిది మేస్త్రీ, ఇన్నేళ్లు చెక్కు చెదరలేదు" అన్నాడు. టీ గ్లాసు అలాగే గట్టు మీద పెట్టేశాను.

మార్చి 9

పనికి వెళ్లలేదు. మోకాలు అని చెప్పాను. మోకాలు బాగానే ఉంది.

మార్చి 10

చెప్పేశాను.

పొద్దున్నే, మట్టి తడపక ముందే. అమ్మాయి గడ్డి కత్తిరిస్తోంది. ఎదురుగా కూర్చుని, "ఆరో నంబరులో సిమెంటు ఉంది. పడమటి గోడంతా ఉంది. నేనే వేశాను" అన్నాను. దారంతా పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను, నోట్లోంచి ఇంతే వచ్చింది.

కత్తెర ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. లేచి వెళ్లి పడమటి గోడ మీద చెయ్యి పెట్టింది. తర్వాత పుస్తకం తీసింది.

"ఎన్ని గుప్పెళ్లు?"

"మూడు."

"గమేళాకా?"

"గమేళాకి."

రాసుకుంది. కింద గీత గీసింది. అప్పుడు కూర్చుంది.

"నా మాల్లో ఏం తక్కువైందని వేశావు నాన్నా?"

"ఏమీ తక్కువ కాలేదే. చెయ్యి ఊరుకోలేదు. తర్వాత నువ్వు అంత సంతోషపడ్డావు..."

"అదే" అంది. "వేసినందుకు కాదు. నేను అంత ఎగిరితే నువ్వు నవ్వుతూ చూశావు. పదిహేను రోజులు. నేను ఎవరెవరికో రాసిచ్చాను. అక్కడ పక్కనే ఉన్నావు."

మొన్న ఉలి దిగిన స్తంభం గురించి చెప్పాను. అది నా గోడేనని కూడా చెప్పాను. ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, గడ్డి కుప్ప మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అది నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది. ఓదార్చి ఉంటే చెప్పేసినందుకు నేనేదో గొప్పవాణ్ణని అనుకునేవాణ్ణి.

అమ్మాయి తన మొహం తుడుచుకుని, "లే. ముందు నర్సమ్మగారి దగ్గరికి వెళ్దాం" అంది.

మార్చి 11

నిన్నటిది పూర్తిచేయలేదు. చెయ్యి అలిసిపోయింది.

నర్సమ్మగారి ముందు అమ్మాయి నిటారుగా నిలబడింది. "పడమటి గోడలో మా మేస్త్రీ నాకు చెప్పకుండా సిమెంటు కలిపాడు. పని నాది కాబట్టి తప్పూ నాదే. గోడ మొత్తం గీకేసి నా ఖర్చుతో మళ్లీ పూస్తాను" అంది.

మా నాన్న అనలేదు. మా మేస్త్రీ అంది. బాధేసింది, కానీ అది సరైన మాటే.

నర్సమ్మగారు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నలభై ఏళ్లు ఆపరేషన్ గదిలో ఉన్నాను మేస్త్రీ. పేషెంటు కడుపులో గుడ్డముక్క మర్చిపోయిన డాక్టర్లని ముగ్గుర్ని చూశాను. వచ్చి చెప్పినవాడు ఒక్కడే. మిగతా ఇద్దరి పేషెంట్లూ జ్వరంతో మళ్లీ మా దగ్గరికే వచ్చారు." నావైపు వేలు చూపించి, "మర్చిపోవడం వేరు, తెలిసి పెట్టడం వేరు. నువ్వు తెలిసి పెట్టావు" అంది.

"అవునమ్మా" అన్నాను.

"సరే, తియ్యండి. ఇల్లు అయ్యేదాకా నేను మా చెల్లెలి ఇంట్లో పడుకోవాలి. అది గురక పెడుతుంది. త్వరగా తెమల్చండి."

బయటికి రాగానే అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టింది. ఆ కాగితాలు తీసుకున్న ముగ్గురికీ నేనే చెప్పాలట. మొదటావిడకి మొదటి నుంచి రెండుసార్లు చెప్పాను. రెండో ఆయన, "మరి ఆ కాగితం ఏం చేయమంటారు?" అని నాలుగుసార్లు అడిగాడు. చింపెయ్యమన్నాను. మూడో మనిషి మట్టి కూడా తోలించేసుకున్నాడట. నిన్నటితో సిగ్గు అనేది నాకు మిగల్లేదు.

మార్చి 15

నాలుగు రోజులు గీకాం. కొన్నిచోట్ల పలకలుగా ఊడింది. కొన్నిచోట్ల పచ్చి ఇటుకని కూడా లాక్కుని వచ్చింది. ఆ గుంటలు మళ్లీ మట్టితో నింపాలి. మాటలు తక్కువ. "ఇది పట్టుకో", "అది అందుకో", అంతే. మధ్యాహ్నం ఇద్దరం వేరువేరు చోట్ల తిన్నాం.

ఇంట్లో మా ఆవిడ, "అదేమంది?" అని అడుగుతుంది. "ఏమీ అనలేదు" అంటాను. "అంటుందిలే" అంటుంది.

మార్చి 17

అంది. "నాన్నా, ఆ మట్టి వేలికి చుట్టావు కదా, ఇంకోసారి చుట్టి చూపించు." చూపించాను. తనూ చుట్టింది. తనది విరిగింది. "ఉమ్మి తక్కువైంది" అన్నాను. నవ్వలేదు కానీ నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది. నాకు ఈ రోజుకి అది చాలు.

మార్చి 20

మళ్లీ ముక్కలు పూశాం. ఈసారి ఐదు. కలిపే ముందు అమ్మాయి ప్రతి గమేళాలో కర్ర పెట్టి అడుగు దాకా తిప్పి చూస్తోంది. ప్రతిదీ. నేను పక్కకు తప్పుకుని నిలబడుతున్నాను. నా క్యారియర్ కూడా తెరిచిపెడుతున్నాను, అడక్కుండానే. "అది మూసెయ్, ఈగలు" అంది.

మార్చి 21

మా ఆవిడ కొత్త క్యారియర్ కొంది.

మార్చి 29

ఆరాయి. ఆలోచించగా తెలిసింది ఏమిటంటే, పాళ్లది ఒక్కటే కాదు సంగతి, వేళది కూడా. సిమెంటు ముదిరితే రుద్దడానికి ఉండదు, కాబట్టి వెంటనే రుద్దేయడం నాకు అలవాటు. మట్టి అలా కాదు. పూసి ఒక రాత్రి వదలాలి. బొటనవేలితో నొక్కితే వేలు దిగకూడదు, గుర్తు మాత్రం పడాలి. ఆ వేళలో చెక్కతో గట్టిగా అదిమి రుద్దితే సన్న నెర్రెలు మూసుకుపోతాయి, ఇసుక లోపలికి కూరుకుపోతుంది. ఇది నేను కనిపెట్టలేదు. నాలుగో ముక్క మీద నా మోచెయ్యి పొరపాటున ఆనింది. ఆనిన చోట మర్నాడు గోరు పట్టలేదు. అమ్మాయికి చూపించాను. అది అక్కడే కూర్చుని గంటకొకసారి వేలితో నొక్కుతూ సాయంత్రం దాకా రాసుకుంది.

ఇసుక రెండున్నరకి తగ్గించాం. గడ్డి ఇంకా సన్నగా కత్తిరించి పెంచాం. పై పూతలో పిండిజిగురు కాస్త. అంతే. రాలడం లేదు. నీళ్లు కొడితే ముందు తాగుతుంది, తర్వాత ఆరుతుంది. "తాగనీ నాన్నా, తాగి వదిలేయాలి. అదే మనకి కావలసింది" అంది. ఇన్నాళ్లకి ఆ మాట నా బుర్రకెక్కింది.

చెక్కకీ మట్టికీ ఎప్పుడూ పడదు. ఎండకి చెక్క ముడుచుకుంటే పక్కన మట్టి చీలుతుంది. అందుకని స్తంభం పక్కన గోనెపట్టా మేకులతో కొట్టి దానిమీద పూస్తున్నాం, స్తంభం అంచున సన్నటి గాడి వదిలి. ఆ గాడి కనిపిస్తే తప్పులా ఉంటుందని నేనన్నాను. "కనిపించనీ, స్తంభానికి కదలడానికి చోటు కావాలి" అంది. బావ వచ్చి చూసి, "ఈ పిల్లకి చెక్క మనసు తెలుసు" అన్నాడు. నా పనిని ఎప్పుడూ మెచ్చుకోడు, ముసలాడు.

ఏప్రిల్ 2

మాలు కలపడం మళ్లీ నాకు అప్పగించింది. కర్ర పెట్టి తిప్పడం మాత్రం మానలేదు. మంచిదే. నేనైనా అదే చేస్తాను.

ఏప్రిల్ 6

పడమటి గోడ అయింది. దక్షిణం గోడ సగం. మధ్యాహ్నం ఒకే చోట కూర్చుని తిన్నాం. దాని కూర నాకు పెట్టి నా కూర అది తీసుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే, పక్కవాడి గిన్నెలోదే రుచి దానికి. ఇంటికొస్తూ సైకిలు మీద పాట పాడాను. ఎదురొచ్చిన మనిషి పక్కకి తప్పుకున్నాడు.

ఏప్రిల్ 13

నర్సమ్మగారి స్నేహితుల్లో మూడో మనిషి వచ్చాడు. ఫోనులో మట్టి తోలించుకున్నానన్నవాడే. పెళ్లాన్ని కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ గోడంతా తడిమారు, చెంప ఆనించి చూశారు, గోళ్లతో గీకారు. అమ్మాయి నిచ్చెన మీద ఉంది, గుడ్డ ముక్కతో దూలానికి అవిసె నూనె పట్టిస్తోంది.

"ఇందులో ఏమేం వేశారమ్మా?" అని కింద నుంచి అడిగాడు.

"మాలు సంగతి ఆయన్ని అడగండి" అంది అమ్మాయి. "కలిపింది మా నాన్న."

అతను నావైపు తిరిగాడు. కలిపిందెవరో వినగానే నేనెవరో గుర్తుపట్టినట్టున్నాడు, కనుబొమలు పైకి లేచాయి. "ఫోను చేసింది మీరే కదూ? మళ్లీ అడుగుతున్నానని ఏమీ అనుకోకండి మేస్త్రీ. ఇంత గట్టిగా ఉందంటే... కాస్తయినా సిమెంటు పడి ఉంటుంది కదా?"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవలసిన రోజులు ఎన్ని గడిపానో! ఇవాళ తడుముకోలేదు. కానీ నిజం చెప్పాలంటే, నా చూపు అతని మీద లేదు, నిచ్చెన మీద ఉంది. అమ్మాయి చెయ్యి ఆగుతుందా, తిరిగి నా మొహం చూస్తుందా అని చూశాను. పొద్దున కర్ర తిప్పి చూసిందో లేదో కూడా గుర్తు తెచ్చుకోబోయాను. చూడలేదు. నిన్న కూడా చూడలేదు. మొన్న సంగతి గుర్తులేదు.

అది తిరగలేదు. గుడ్డ నూనెలో ముంచి, పిండి, దూలం అవతలి పక్క అందుకోడానికి చెయ్యి చాచింది. కూనిరాగం కూడా ఆపలేదు.

"లేదు బాబూ" అన్నాను. "బంకమట్టి ఒకటి, ఇసుక రెండున్నర, సన్నగడ్డి రెండు, పై పూతలో పిండిజిగురు కొంచెం. ఇంకేమీ లేదు."

అతను జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. కింద సంతకం పెట్టమని నాకే ఇచ్చాడు.